దర్శి వాన లెక్క

మిరపకాయ కళ్ళంలో ఉండగా వాన పడితే రెండు రకాలుగా చెడుతుంది. విప్పి ఆరబోసి ఉంటే తడిసి, రంగు పోయి, తెల్ల మచ్చలు తేలి తాలు కాయ అవుతుంది. తడుస్తుందేమోనని కుప్ప చేసి పట్టా కప్పితే లోపల వేడెక్కి, చెమట పట్టి, బూజు వస్తుంది. మొదటిదానికి అరగంట చాలు. రెండోదానికి ఐదారు రోజులు పడుతుంది. అందుకని వేసవిలో వాన పట్టుకున్న ఏడాది మా వైపు రైతుకి తెలియాల్సింది ఒకటే. ఈ వానలు ఆగిపోయాయా, ఇంకా ఉన్నాయా?

ఆ ఏడాది ఆ మాట మా అక్క నన్ను అడిగింది.

అక్కా బావా మా పర్చూరుకి దగ్గర్లోనే ఉంటారు. ఎకరంన్నర మిరప వేశారు. మొదట నాటింది చచ్చిపోతే మళ్ళీ నాటారు. దాంతో పంట నెలన్నర వెనకబడింది. మొదటి కోత పురుగు పాలు కాగా మిగిలింది కొంచెమే. అందరి కాయలూ కోల్డ్ స్టోరేజీకి చేరిపోయాక కూడా వీళ్ళ రెండో కోత కళ్ళంలోనే ఉంది. వాళ్ళకి ఆ ఏటి పంట అంటే నేలమీద పరిచిన ఆ ఎర్ర కాయలే.

వానలు అశ్వని కార్తెలో మొదలయ్యాయి. మధ్యాహ్నం మూడు దాటేసరికి పడమట నల్లగా లేచేది. ముందు దుమ్ము, తర్వాత గాలి, ఆ తర్వాత అరగంటో గంటో వాన. మర్నాడు ఏమీ ఎరగనట్టు ఎండ. రెండు రోజులాగి మళ్ళీ వాన. భరణి కార్తె వచ్చినా ఆగలేదు. ఎండాకాలమే నడుస్తోందనడానికి బజారులో మామిడికాయలు తప్ప సాక్ష్యం లేదు.

"ఫోన్లో చూస్తే రోజూ మబ్బు బొమ్మేరా," అంది అక్క. "మబ్బు కింద మూడు చుక్కలు. పడిన రోజూ అదే బొమ్మ, పడని రోజూ అదే బొమ్మ. అది నాకెందుకు? నువ్వు చెప్పు."

నేను చెప్పగలనని ఆమె అనుకోవడానికి కారణం ఉంది. అది చెప్పాలంటే నా లెక్కల సంగతి కొంచెం చెప్పాలి.

నేను పత్తి జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర పని చేస్తాను. పదో తరగతితో చదువు ఆపేశాను. తర్వాత వచ్చిన లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. సగటు ఎలా తీయాలో, దాన్ని ఎక్కడ నమ్మకూడదో పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఒక డిగ్రీ పుస్తకం చూసి నాలుగేళ్ళు కూర్చుని అర్థం చేసుకున్నాను. కానీ తూకం గురించి నాకు తెలిసిన అసలు సంగతి మాత్రం పుస్తకంలోది కాదు. నేను చేరిన కొత్తలో కాటా చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. బండి కాటా ఎక్కకముందు ఎంతుందని డ్రైవర్ని నేను అడగబోతే నోరు మూయించాడు. "అడగమాక. ఆడు ఒక అంకె చెబుతాడు. ఇంక నీ కన్ను ముల్లుని చూడదు, ఆ అంకెని చూస్తది." పాత కాటాకి ముల్లు ఉండేది. ఇప్పుడు ఎర్ర అంకెలు వెలుగుతాయి. అయినా ఈనాటికీ నేను డ్రైవర్ని ముందు అడగను.

తొమ్మిదేళ్ళ కిందట వాన కొలవాలని బుద్ధి పుట్టింది. బోరు వేసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ పైపు ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని రెండు సమాన ముక్కలుగా కోశాను. ఒక్కోదానికి అడుగున మూత బిగించి, లోపలి వైపు మిల్లీమీటర్ల గీతలు గీశాను. నీళ్ళు ఆవిరి కాకుండా రెండు చుక్కల వంటనూనె. ఒకటి మా డాబా మీద పెట్టుకున్నాను. రెండోది దర్శి తీసుకెళ్ళి నా స్నేహితుడికి ఇచ్చాను.

మేమిద్దరం హాస్టల్లో పక్కపక్క పెట్టెల వాళ్ళం. వాడు దర్శిలో టైలరు. కొలతల మనిషి కదా, వాడైతే సరిగ్గా చూస్తాడనుకున్నాను. పైగా దర్శి మాకు పడమటి వైపు ఉంది. మాకు వేసవి వానలు వచ్చేదీ ఆ వైపు నుంచే.

రోజూ ఉదయం ఆరున్నరకి నేను ఫోన్ చేసేవాణ్ణి. మా వైపు ఒక మర్యాద ఉంది. ఫోన్ చేసినవాళ్ళు ముందు తమ ఊరి వాన సంగతి చెప్పి, ఆ తర్వాత అవతలి ఊరిది అడుగుతారు. అలా నా అంకె ముందు చెప్పేవాణ్ణి, వాడు తనది చెప్పేవాడు. రిజిస్టరులో రెండు గళ్ళు. ఎడమది నాది, కుడిది వాడిది.

మూడు నాలుగు వేసవులు గడిచాక ఆ రెండు గళ్ళలో ఒక వరస కనపడింది. ఒకే రోజు రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా పడితే, అది విశాలంగా పట్టిన వాన. ఇంకో రెండు మూడు రోజులు వదలదు. ఒకచోట పడి రెండోచోట చుక్క లేకపోతే, అది దారిన పోయే మేఘం. అక్కడితో సరి. మొదటిదానికి జంట వాన అని, రెండోదానికి ఒంటి వాన అని పేర్లు పెట్టుకున్నాను. పదిసార్లు చెబితే ఎనిమిదిసార్లు నిజమైంది. ఆ సంగతి ముందు మిల్లులో తెలిసింది, తర్వాత అక్క ఊళ్ళో తెలిసింది. వేసవిలో నేను వీధిలోకి వెళితే, "ఏమండీ, ఇది జంటా, ఒంటా?" అని అడిగేవాళ్ళు. నాకు లోపల ఎంత సంతోషంగా ఉండేదో దాచుకోను.

ఆ భరణి కార్తెలో అక్క కాయ ఐదు రోజులుగా పట్టా కిందే ఉంది. ఆరో రోజు నేను వెళ్ళేసరికి బావ కుప్పలో చెయ్యి పెట్టి కూర్చుని ఉన్నాడు.

"చూడు," అన్నాడు. మోచేతి దాకా దూర్చి చూశాను. లోపల గోరువెచ్చగా ఉంది. తీసిన కాయ మెత్తగా ఉంది. తొడిమ దగ్గర సన్నగా తెల్ల నూగు మొదలైంది.

"ఇంకో రెండు రోజులు మూసి ఉంచితే ఎత్తి దిబ్బలో పొయ్యాల్సిందే," అంది అక్క. "విప్పమంటావా, వద్దంటావా?"

"రేపు పొద్దున దర్శి అంకె వచ్చాక చెబుతా," అన్నాను.

ఆ సాయంత్రం మళ్ళీ వాన పడింది. మర్నాడు పొద్దున్నే డాబా ఎక్కి పైపు చూశాను. పదకొండు. ఫోన్ చేశాను.

"పదకొండు," అన్నాను. "గాలి ఎక్కువ, వాన తక్కువ. మీకేం పడలేదుగా?"

"లేదురా. చుక్క లేదు."

"సరిగ్గా చూశావా?"

"చూడకుండా చెబుతానా? సున్నా వేసుకో."

సున్నా వేశాను. ఒంటి వాన. దారిన పోయే మేఘం. అక్కకి ఫోన్ చేసి, "విప్పు," అన్నాను.

మిల్లుకి సెలవు పెట్టి, ఎనిమిదింటికల్లా నేనూ కళ్ళానికి వెళ్ళాను. ముగ్గురం కలిసి కుప్ప లాగి పలచగా పరిచాం. ఎండ బాగా కాసింది. కాళ్ళతో కాయని తిరగేస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాం. పక్క కళ్ళం పెద్దాయన తన కుప్ప మీద పట్టా తియ్యలేదు. గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాడు.

"ఏందయ్యా, మబ్బుల్ని కాటా ఎక్కించి తూచావా?"

"తూచాడు మామా," అంది అక్క. "మా తమ్ముడు తూస్తే తేడా రాదు. నువ్వు కూడా విప్పుకో, బూజు పట్టిన కాయకి ముక్కు మూసుకోవాల."

"నేను లెక్కలు నమ్మేవాణ్ణి కాదమ్మాయ్. మీకిప్పుడు పట్టాలతో పనేముంది? ఓ రెండు ఇటియ్యి, నా కుప్పకి చాల్లేదు."

అక్క నా వైపు చూసింది. నేను తలూపాను. మొత్తం నాలుగు పట్టాల్లో రెండు ఆయనకి వెళ్ళాయి.

ఆ రోజు వాన రాలేదు. సాయంత్రానికి పైన కాయ గలగలమంది. అక్క గుప్పెడు కాయలు తీసి నా చెవి దగ్గర ఆడించి నవ్వింది. తెల్లారి ఆదివారం, నాకు మిల్లు సెలవు. మళ్ళీ కళ్ళానికే వెళ్ళాను. రెండింటి వరకూ ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. రెండున్నరకి పడమట ఒక గీత లేచింది. బావ చూపిస్తే, "దూరంలే," అన్నాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది. ఇరవై నిమిషాల్లో దుమ్ము వచ్చింది.

మిగిలిన రెండు పట్టాలు కళ్ళం అవతలి చివర మడిచి ఉన్నాయి. బావ ఒకటి విప్పబోతే గాలి లాక్కుని కంచె మీద వేసింది. నేనూ అక్కా చేతులతో, చీపుళ్ళతో కాయని ఒక మూలకి తోశాం. అక్కడ ఒక చిన్న కుప్ప అయింది, దాని మీద రెండో పట్టా వేసి నాలుగు వైపులా రాళ్ళు పెట్టాం. మిగతా కాయంతా మా కళ్ళముందే తడిసింది. మొదట రంగు ఇంకా ఎర్రగా మెరిసింది. తర్వాత కాయలు నీళ్ళల్లో తేలి, గట్టు వారకి కొట్టుకెళ్ళి అక్కడ తెట్టెలా ఆగాయి. పక్క కళ్ళంలో అక్క పట్టాల కింద పెద్దాయన కుప్ప పొడిగా ఉంది. ఆయన పరుగెత్తుకొచ్చి మాతోపాటు గంపతో కాయ ఎత్తాడు.

ఆ సాయంత్రం నా పైపులో ముప్పై నాలుగు.

అక్క నన్ను తిట్టలేదు. తడిసిన చీర కొంగు పిండుకుంటూ, "నువ్వు చెప్పావనేరా విప్పింది," అంది, అంతే. తర్వాత ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పదికి రెండుసార్లు లెక్క తప్పుతుందని నాకు తెలుసు. ఆ రెండింటిలో ఇదొకటి అని రెండు రోజులు సర్దిచెప్పుకున్నాను. మూడో రోజు పత్తి గింజలు ఎక్కించుకోవడానికి దర్శి నుంచి ఒక లారీ వచ్చింది. డ్రైవరు చీటీ కోసం నిలబడి వానల గురించి మాట్లాడుతున్నాడు.

"శుక్రవారం సాయంత్రమైతే మా బస్టాండులో మోకాలి లోతండి. మా బామ్మర్ది పెళ్ళి పందిరి కూలిపోయింది. అన్నం గిన్నెలు నెత్తిన పెట్టుకుని స్కూల్లోకి పరిగెత్తాం."

"ఏ శుక్రవారం?"

"మొన్నటిదేనండి. పెళ్ళి రోజు మర్చిపోతామా?"

శనివారం పొద్దున వాడు చెప్పిన సున్నా ఆ శుక్రవారం వానదే. అంటే ఆ రోజు రెండు ఊళ్ళలోనూ పడింది. అది జంట వాన. నా లెక్క ప్రకారమే కాయ విప్పకూడదు.

ఊరంతా ఒకలా పడదు కదా, బస్టాండులో పడి వాడి వీధిలో పడకపోవచ్చు కదా అని వాడి తరఫున నేనే వాదించుకున్నాను. కానీ అనుమానం వచ్చాక కాటాని పరీక్షించకుండా ఉండలేను. మర్నాడు ఉదయం డాబా ఎక్కాను. పైపు ఎండిపోయి ఉంది. నూనె చుక్క అడుగున అంటుకుని ఉంది. ఫోన్ చేశాను.

"ఇరవై రెండు," అన్నాను.

నేను వాడితో చెప్పిన మొదటి అబద్ధం అది.

"అబ్బో," అన్నాడు. "మాకూ గట్టిగానే కొట్టింది. కొంచెం తక్కువ. పద్దెనిమిది వేసుకో."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. దర్శిలో ఆ రాత్రి చుక్క పడలేదని పది గంటలకి మిల్లు ఫోన్ నుంచి అక్కడి విత్తనాల కొట్టుకి చేసి తెలుసుకున్నాను. తెలుసుకోవాల్సిన అవసరం అప్పటికే లేదు.

ఆ ఆదివారం రిజిస్టర్లన్నీ కింద పరిచాను. మొదటి ఐదేళ్ళలో కుడి గడి అంకెలు వాటి ఇష్టం వచ్చినట్టు ఉన్నాయి. నాది ఆరు అయితే వాడిది ముప్పై ఒకటి, నాది ఇరవై అయితే వాడిది మూడు. ఒక చోట 'రెండున్నర, చీమ పడింది' అని కూడా రాయించాడు. ఆ తర్వాత ఒక కృత్తిక కార్తె నుంచి ఆ గడి మెత్తబడింది. నాది పది అయితే వాడిది ఎనిమిది. నాది పద్నాలుగు అయితే పన్నెండు. నాది సున్నా అయితే వాడిదీ సున్నా. మూడేళ్ళకి పైగా నా అంకె కంటే వాడి అంకె కొంచెం తక్కువ, ఎప్పుడూ కొంచెమే తక్కువ. అతుకు ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపించవచ్చు. అంత నునుపైన వాన ఏ ఊళ్ళోనూ పడదు. వేరే ఎవరి రిజిస్టరైనా అయితే ఒక్క పేజీ చూసి దొంగ లెక్క అని చెప్పేవాణ్ణి.

మూడేళ్ళుగా నేను దర్శి వాన అనుకుని రాసుకున్నది, అటు వెళ్ళి కొంచెం తరిగి తిరిగొచ్చిన నా వానే. ఆ మూడేళ్ళలో నా జోస్యాలు ఎన్ని నిజమయ్యాయో లెక్కపెట్టాను. సగం. రూపాయి బిళ్ళ ఎగరేసినా అంతే వస్తుంది. తప్పినవి నేను గుర్తుపెట్టుకోలేదు, నిజమైనవే జనం గుర్తుచేశారు.

సోమవారం సెలవు పెట్టి, అద్దంకిలో బస్సు మారి దర్శి వెళ్ళాను. ముందు చెప్పలేదు. వాడు దుకాణంలో కత్తెర పట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగింది.

"ఏరా, చెప్పా పెట్టకుండా! కూర్చో, టీ చెబుతా."

నేను కూర్చోలేదు. మిషన్ పక్కన గోడకి ఆనించి నా పైపు ఉంది. అందులో రెండు చెక్క స్కేళ్ళు, ఒక ఇనప గజం బద్ద, చుట్టిన కాగితపు నమూనాలు నిలబెట్టి ఉన్నాయి. నేను గీసిన గీతలు లోపల కనిపిస్తున్నాయి.

వాడు నా చూపు వెంటే చూశాడు. కత్తెర బల్ల మీద పెట్టాడు.

"పైన అంతస్తు వేశాంరా," అన్నాడు. "అప్పుడు తీసి కింద పెట్టాం. మళ్ళీ పెడదామనే అనుకున్నా."

"మూడేళ్ళ కిందట."

"అంతయిందా?"

"అయింది. రోజూ చేశానుగా. ఒక్కరోజు చెప్పొచ్చుగా, తీసేశానని."

"ఎట్టా చెప్పనురా? పొద్దున్నే అంత ఇదిగా ఫోన్ చేస్తావు. లేదంటే ఇంక చేస్తావా నువ్వు? నీకు నాతో వేరే మాటేముంది చెప్పు. ఎప్పుడన్నా నా ఆరోగ్యం అడిగావా? మీకెంత, మాకింత. అంతేగా."

కానీ నేను వచ్చింది దానికి కాదు.

"శుక్రవారం మీ బస్టాండులో మోకాలి లోతు నీళ్ళు. నువ్వు సున్నా వేసుకోమన్నావు."

"నేను ఊళ్ళో లేనురా ఆ రోజు. మంగళగిరి పోయా. మా అమ్మాయికి అక్కడ ఆఫీసులో ఉద్యోగమొచ్చింది, గది చూడ్డానికి. నీ ఫోన్ అక్కడే ఎత్తా."

"అయితే లేనని చెప్పాలి. నువ్వు సున్నా అన్నావనే మా అక్క కాయ విప్పింది. మొత్తం తడిసింది."

అక్క చేతి అన్నం వాడూ తిన్నాడు, హాస్టల్ సెలవుల్లో. తల దించుకుని బల్ల మీద సుద్ద ముక్కని అటూ ఇటూ జరిపాడు. తలెత్తకుండానే అన్నాడు.

"నువ్వే అడిగావు గదరా, మీకేం పడలేదుగా అని. ఎప్పుడూ అట్టా అడగవు. నీకు లేదనే కావాలేమో అనుకున్నా."

టీ వచ్చింది. నేను తాగలేదు. పైపులోంచి స్కేళ్ళు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాను. కాగితాలు తీసి వాటి పక్కన పెట్టాను. వాడు ఆపలేదు, సాయమూ చెయ్యలేదు. ఖాళీ పైపు తీసుకుని బస్టాండుకి నడిచాను.

బస్సులో కండక్టరు, "బోరు వేయిస్తున్నారా అండీ?" అని అడిగాడు. అవునన్నాను. వారంలో అది నా రెండో అబద్ధం. వాడి మీద కోపం అద్దంకి దాకా అలాగే ఉంది. అద్దంకి దాటాక, ఆ శనివారం పొద్దున నేను అడిగిన తీరు గుర్తుకొచ్చి, కోపానికి కూర్చునే చోటు దొరక్కుండా పోయింది. బండి ఎక్కకముందే డ్రైవర్ని ఎంతుందని అడిగినవాణ్ణి నేనే. పైగా అంకె కూడా నేనే అందించాను. అయినా వాడు మూడేళ్ళు రోజూ పొద్దున్నే నాతో అబద్ధమాడాడన్నది అబద్ధం కాకుండా పోదు.

తిన్నగా కళ్ళానికే వెళ్ళాను. అక్కా బావా కింద కూర్చుని తాలు కాయ ఏరుతున్నారు. ఎర్ర కుప్ప చిన్నది, తెల్ల కుప్ప పెద్దది. ఆ రోజు పట్టా కింద దక్కిన మూల కుప్ప మాత్రం రంగు నిలబెట్టుకుంది. కానీ అది ఇంకా పచ్చిగానే ఉంది, మళ్ళీ రెండు రోజులుగా మూసే ఉంది. పడమట మబ్బు లేదు. గాలి కూడా లేదు.

"ఏందిరా ఆ పైపు?"

జరిగింది చెప్పాను. బావ తల కొట్టుకున్నాడు. అక్క ఏరుతున్న చెయ్యి ఆపకుండా విన్నది.

"మూడేళ్ళు రోజూ పొద్దున్నే లేచి అబద్ధం చెప్పాడా!" అంది. "ఓపికేరా వాడికి." తర్వాత పైపు అందుకుని లోపలికి చూసింది. "ఇది వాన పడ్డాకగా చెప్పేది?"

"ఆ."

"పడ్డది నాకు తెలుసులే." పైపు పక్కన పెట్టింది.

లేచి మూల కుప్ప దగ్గరికి వెళ్ళింది. పట్టా కొస ఎత్తి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, కాసేపు అలాగే ఉంచింది. బయటికి తీసి అరచెయ్యి వాసన చూసుకుంది. ఒకసారి పడమటికి చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆమె నన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ నిలబడి ఉన్నాను నేను. అడగదని తెలిశాక కూడా కొంతసేపు ఆలోచించుకుంటూనే ఉన్నాను.

"సగం విప్పుదాం," అంది బావతో. "సగం ఉండనీ. పట్టా పక్కనే పెట్టు."

ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"నిలబడ్డావేంది? ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. ముగ్గురం కలిసి పట్టాని సగానికి మడిచాం.